మంచుపెట్టెలో మూత్రపిండం

రేపల్లె దగ్గర నిజాంపట్నం రేవులో చేపల బుట్టలు దిగగానే ఏం చేస్తారో చూశారా? పొడిచేసిన ఐసు కప్పుతారు. తెనాలి, బాపట్ల బజార్లకు చేరేసరికి చేప చెడకూడదు కదా! అవయవాల మార్పిడి చేసే వైద్యులదీ ఇదే చింత. అయితే వాళ్లకు అవయవం చెడకుండా ఉంటే చాలదు, బతికి ఉండాలి.

రక్తం అందని కణం ఏమవుతుంది? కణంలో పనులకు శక్తినిచ్చేది ఏ.టి.పి. 1929లో దాన్ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ప్రాణవాయువు ఆగితే ఏ.టి.పి. నిమిషాల్లో తరిగిపోతుంది. సోడియంను బయటికి తోసి, పొటాషియంను లోపలికి లాగే ‘పంపు’ ఆగిపోతుంది. సోడియం, దాని వెంట నీరు చొరబడి కణం ఉబ్బుతుంది, చివరకు చనిపోతుంది. 37 డిగ్రీల నుంచి 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే శక్తి ఖర్చు సుమారు పదో వంతుకు పడిపోతుంది.

ప్రయోగశాలలో జంతువుకు పూర్తిగా మత్తిచ్చి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తారు. మూత్రపిండపు ధమనిలోకి చల్లని ద్రావణం పంపి, సిరలోంచి తేటగా వచ్చేదాకా కడుగుతారు. ఎర్రని మూత్రపిండం పాలిపోతుంది. రక్తనాళాలను తగినంత పొడవు ఉంచి కోస్తారు. పొట్టివైతే తిరిగి కుట్టడం కష్టం.

ఆ ద్రావణంలోనే ఉంది కిటుకు. 1969లో అమెరికాలో జెఫ్రీ కాలిన్స్ బృందం, కణం లోపల ఉన్నట్టే పొటాషియం ఎక్కువగా, సోడియం తక్కువగా ఉండే ద్రావణం చేసింది. లోపలా బయటా ఒకేలా ఉంటే పంపు ఆగినా నష్టం తక్కువ! కుక్క మూత్రపిండం 30 గంటలు మంచులో ఉండి, తిరిగి అమర్చితే పనిచేసింది. 1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సౌథర్డ్ తమ ద్రావణంలో అడినోసిన్ కలిపారు. ఏ.టి.పి. తయారీకి అదే ముడిసరుకు.

ఈ గంటలన్నీ మూగజీవాల ప్రాణాలతో సంపాదించినవి. అందుకే మన దేశంలో ఇలాంటి ప్రయోగాలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి లోబడి చేయాలి.

మరి, ఫ్రీజరులో గడ్డకట్టిస్తే సరిపోదా? ఒక టమాటాను రాత్రంతా ఫ్రీజరులో ఉంచి, పొద్దున బయటపెట్టి చూడండి. మెత్తబడి నీరు కారుతుంది. మంచు స్ఫటికాలు కణాలను చీల్చేశాయి! అందుకే మూత్రపిండాన్ని ఐసుకు తగలనీయకుండా సంచిలో సంచి పెట్టి దాస్తారు.

2023లో మిన్నెసోటా శాస్త్రజ్ఞులు స్ఫటికాలు పుట్టకుండా ఎలుక మూత్రపిండాలను గాజులా గడ్డకట్టించి, 100 రోజులదాకా దాచి, తిరిగి అమర్చి పనిచేయించారు. అది చిక్కుడు గింజంత; మనిషిది పిడికిలంత. అంత పెద్దదాన్ని లోపలా బయటా ఒకేసారి వేడెక్కించడం ఎలా? ఆలోచించండి!