నీరు నిలిచే మూలలో మోనార్క్ పంట

సీతాకోకచిలుకలు రావాలంటే పెరట్లో రంగురంగుల పూలుంటే చాలని అనుకుంటాం. పూలు వాటికి తేనె ఇస్తాయి, అంతవరకే. గుడ్డులోంచి వచ్చిన గొంగళిపురుగుకు తగిన ఆకు దొరక్కపోతే ఆ తోటలో తర్వాతి తరం పుట్టదు. ఉత్తర అమెరికా మోనార్క్ సీతాకోకచిలుక విషయంలో ఇది మరీ నిక్కచ్చి. దాని గొంగళిపురుగులకు మిల్క్‌వీడ్ ఆకులే ఆహారం. మన జిల్లేడు కుటుంబానికే చెందిన ఈ పాలమొక్కలు ఒకప్పుడు మొక్కజొన్న, సోయా చేలల్లో విరివిగా మొలిచేవి. కలుపుమందును తట్టుకునే పంటలు వచ్చాక చేలల్లో దాదాపు కనుమరుగయ్యాయి. మెక్సికో కొండల్లో చలికాలం గడిపే మోనార్క్‌లు 1996-97లో 18 హెక్టార్లకు పైగా అడవిని కమ్ముకున్నాయి. 2023-24లో ఆ విస్తీర్ణం 0.9 హెక్టారు. మరుసటి ఏడాది 1.79కి పెరిగినా పాత వైభవానికి చాలా దూరం. అడవుల నరికివేత, వాతావరణ మార్పు కూడా ఇందుకు కారణాలే. కానీ వాటిలో ఒక ఇల్లు తన పెరట్లో తీర్చగలిగిన లోటు ఆకు కొరతే.

అందుకు స్వాంప్ మిల్క్‌వీడ్ చక్కగా సరిపోతుంది. నోవాస్కోషియా నుంచి ఫ్లోరిడా దాకా వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగే బహువార్షిక మొక్క ఇది. న్యూజెర్సీలోనో, ఇల్లినాయిలోనో ఉన్న తెలుగువారి పెరట్లో వాననీరు నిలిచి లాన్ పాడయ్యే మూలే దీనికి మేలైన చోటు. బంకమట్టి అయినా ఫర్వాలేదు, ఎండ మాత్రం బాగా తగలాలి. విత్తనాలు మొలవాలంటే చలి కావాలి. చలికాలానికి ముందు ఆరుబయట చల్లాలి, లేదా తడి ఇసుకలో కలిపి నెలకు పైగా ఫ్రిజ్‌లో ఉంచాలి. చలికి పైభాగం ఎండిపోయి, వసంతంలో ఆలస్యంగా చిగురిస్తుంది. చచ్చిపోయిందని తవ్వేయకూడదు. మూడు నుంచి అయిదడుగులు పెరిగి, నడివేసవిలో గులాబీ పూగుత్తులతో తేనెటీగలనూ బంబుల్ బీలనూ రప్పిస్తుంది. కామన్ మిల్క్‌వీడ్‌లా వేళ్లతో తోటంతా పాకదు.

ఎర్ర పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ ఇంకా ఎక్కువ కాలం పూస్తుంది కదా అనేవారున్నారు. దాని చిక్కు అక్కడే ఉంది. వెచ్చని దక్షిణ రాష్ట్రాల్లో అది శీతకాలమూ పచ్చగా ఉండటంతో మోనార్క్‌లను కుంగదీసే ఓఈ అనే పరాన్నజీవి బీజాలు ఆకుల మీద పేరుకుపోతాయి. ఏటా ఎండి మళ్లీ చిగురించే స్థానిక మొక్కకు ఆ బెడద తక్కువ. ఈ మొక్క పాలు విషం కదా అన్న భయమూ సహేతుకమే. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట నాటి, తుంచేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి, కంట్లో పడనివ్వకూడదు. నాలుగు మొక్కలతో ఒరిగేదేమిటన్నది చివరి సందేహం. దక్షిణానికి వెళ్లే మోనార్క్‌లు ఎక్కడో ఒకచోట ఆకు తిని పెరిగినవే. ఆ చోట్లు పెరగాలంటే పెరళ్లు కలిసిరావాలి. పురుగుమందు తగలని నారే కొనండి. పేనుబంక పడితే మోనార్క్ గుడ్లు లేవని చూసుకుని నీళ్లు చిమ్మండి. ఆకులకు చిల్లులు పడితే మాత్రం మందు కొట్టకండి. ఆ మొక్కను నాటిందే అందుకు.