ముద్ర చూస్తే చాలునా?

ఈ వారం లోధీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ నికేతన్ ముందుగా వెళుతూ ఒక క్షణం ఆగాను. పార్లమెంటు వార్తలకై పరుగులు తీసే మా విలేకరులు ఈ భవనం వైపు తొంగిచూడడం అరుదు. అయినా, ప్రభుత్వ రహస్యాలను, పౌరుల వివరాలను దాచే కంప్యూటర్లు ఎంత నమ్మదగినవో పరీక్షించి ముద్రవేసే అధికారం కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖదే.

ఈ ముద్రల కథ అమెరికాలో మొదలయింది. కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. 1983లో అమెరికా రక్షణశాఖ నారింజరంగు అట్టతో ఒక గ్రంథం వెలువరించి, ఈ వ్యవస్థలను 'డి' మొదలు 'ఎ1' వరకు శ్రేణులుగా విభజించింది. తరువాత పాశ్చాత్య దేశాలు తమ కొలబద్దలను కలిపి 'కామన్ క్రైటీరియా' రూపొందించుకున్నాయి. అందులో ఏడు అంచెలు. ఒకరి పత్రాన్ని మరొకరు గౌరవించే ఈ ఒడంబడికలో తొలుత పత్రాలను స్వీకరించే దేశంగా చేరిన భారతదేశం, 2013లో జారీచేసే దేశాల సరసన నిలిచింది. ఇది చిన్న విజయం కాదు.

అయితే ముద్ర వెనుక షరతులను ఎందరు చదువుతున్నారు? 2002లో విండోస్ 2000కు నాల్గవ అంచె పత్రం లభించింది. ఆ పరీక్షకు ఆధారమైన ప్రమాణం, వినియోగదారులు పరస్పరం సహకరించుకునేవారేనని ముందే భావించుకున్నది. పొరపాటునో, యథాలాపంగానో జరిగే చొరబాట్లే దాని లెక్కలోనివి. పట్టుదలతో దాడిచేసే శత్రువు కాదు. అంచె పెరిగితే పరీక్ష లోతు పెరిగిందని అర్థమే తప్ప, కోటగోడ ఎత్తు పెరిగిందని కాదు.

విండోస్ 7 కూడా 2011లో నాల్గవ అంచె పొందింది. 2017 మే నెలలో 'వన్నాక్రై' విరుచుకుపడినప్పుడు దెబ్బతిన్న యంత్రాలలో అత్యధికం దానివే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు సైతం మూగవోయాయి. ఆ లోపాన్ని సరిచేసే మరమ్మతును కంపెనీ మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలలు గడిచినా దానిని అమర్చుకోనివారే ఎక్కువగా బలయ్యారు.

బంగారంపై హాల్‌మార్కు పడితే ఆ బంగారం మారదు. కంప్యూటరు వ్యవస్థ అట్లు కాదు. మరమ్మతు చేస్తే అది పరీక్షకు నిలిచిన ప్రతి కాకుండా పోతుంది. చేయకుంటే దొంగకు తలుపు తెరిచినట్లే. ఈ చిక్కును ఏ పత్రమూ విప్పలేదు.

కనుక హైదరాబాదులోనైనా, అమరావతిలోనైనా, ఢిల్లీలోనైనా ప్రజాధనంతో కంప్యూటర్లు కొనే ముందు అధికారులు మూడు ప్రశ్నలు అడగాలి: పరీక్షించినది ఏ ప్రతిని? ఏ ప్రమాదానికి ఎదురుగా? రేపటి మరమ్మతు బాధ్యత ఎవరిది? వీటికి జవాబు రాబట్టడం మన ప్రజాప్రతినిధుల విధి. పత్రం బీరువాలో భద్రంగా ఉన్నంత మాత్రాన ప్రజల వివరాలు భద్రంగా ఉన్నట్లు కాదు.