పడకసుఖము

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును దేహమను గృహమునకు ఉపస్తంభములని చరకసంహిత చెప్పుచున్నది. వీనిలో ఆహారమును గూర్చి మనము పూటపూటకును విచారింతుము. నిద్రకు ఆధారమగు పడకను గూర్చి విచారించు వారరుదు. పెండ్లినాటి పరుపు గడ్డలు కట్టి, నడుమ గుంటపడినను, ఏండ్లతరబడి దానినే పరచుచుందుము. తెల్లవారునప్పటికి నడుము పట్టివేసినచో పనిభారమును నిందింతుమే కాని పరుపును శంకింపము.

పరుపెంత మెత్తనైన నంత సుఖమని కొందరును, నడుమునొప్పికి కటికనేలయే మందని కొందరును తలంచెదరు. ఈ రెండును సరికావు. మిక్కిలి మెత్తని పరుపున కటిప్రదేశము క్రుంగి వెన్నెముక వంగును. మిక్కిలి గట్టి పడకపై భుజమును తుంటియు ఒత్తుకొనును. స్పెయిను దేశమున వైద్యులు చేసిన యొక పరీక్షను 2003వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రిక ప్రకటించినది. బహుకాలముగా నడుమునొప్పి గల 313 మందిలో కొందరికి గట్టి పరుపులను, తక్కినవారికి మధ్యరకపు పరుపులను ఇచ్చి 90 దినములు చూడగా, మధ్యరకపు పరుపులవారే యెక్కువ మేలు పొందిరి. వెల్లకిల పరుండి నడుము క్రింద అరచేతిని దూర్చి చూడుడు. సందు మిక్కిలిగా నున్నచో పరుపు గట్టిది. చేయి దూరుటయే కష్టమైనచో మెత్తనిది.

పత్తిదూది బరువునకు నిలుచును గాని క్రమముగా గడ్డకట్టును. కొన్నియేండ్లకొకమారు విప్పి, ఏకించి, మరల కుట్టించినచో క్రొత్తదానివలె నగును. బూరుగుదూది పోగు నున్ననిది, బోలుగా నుండునది. నూలు వడకుటకు ఒదుగదు గాని తేలికయగుటచే తలగడలకు మేలు. స్పంజి పరుపును ఏకించుటకు వీలులేదు. నొక్కి విడిచిన పిమ్మట గుంట పూడకున్నచో దాని యాయువు తీరినట్లే. తలగడ యెత్తు మెడను వెన్నుతో నొక వరుసన నిలుపునంత యుండవలెను. ప్రక్కకు తిరిగి పరుండువారికి కొంచెము దళసరిది, వెల్లకిల పరుండువారికి పలుచనిది తగును.

కంటికి కానరాని ధూళిపురుగులు మన చర్మమునుండి రాలు పొట్టును తినుచు పరుపులలో పెరుగును. ఉబ్బసము గలవారికి ఇవి బద్ధశత్రువులు. తేమ లేనిచో అవి బ్రదుకజాలవు. కావున పరుపులను తరచుగా మంచి యెండలో వేసి, తిరుగవేసి, దులిపి తీయవలెను. దుప్పట్లను, గలేబులను వారమున కొకమారు 60 డిగ్రీల వేడినీట నుతికినచో ఆ పురుగులు చచ్చును.

ఇక ముఖ్యమైన మాట. మన యిండ్లలో పసిబిడ్డకు మెత్తని బూరుగుదూది పరుపు పరచి, చుట్టును దిండ్లు పేర్చి, తల గుండ్రనగుటకై ఆవాల దిండు పెట్టుదురు. ఇది ప్రేమతో చేయునదే, కాని ప్రమాదకరము. బిడ్డ ముఖము మెత్తనిదానిలో క్రుంగినచో తల త్రిప్పుకొను శక్తి చాలక ఊపిరాడకపోవచ్చును. ఏడాది నిండువరకు బిడ్డను గట్టిగా, చదునుగా నున్న పడకపై బిగుతుగా పరచిన యొక్క గుడ్డమీద వెల్లకిలనే నిద్రపుచ్చవలెను. తలగడయు, దళసరి బొంతయు దగ్గర నుండరాదు. పెద్దలు ఆక్షేపించినచో వినయముతో కారణము చెప్పుడు. పట్టు మాత్రము విడువకుడు. ఏడవమాసము నిండిన గర్భిణి ప్రక్కకు తిరిగి నిద్రించుట కడుపులోని బిడ్డకు క్షేమము. మోకాళ్ళ నడుమ నొక చిన్నదిండు పెట్టినచో నడుమునకును హాయి.

తుదకొక మాట. నేనెరిగిన పెక్కు యిండ్లలో గృహిణి అత్తమామలకు, భర్తకు, బిడ్డలకు పడకలు వేసి, దీపమార్పి, తాను చిరిగిన చాపమీద నొరగును. దీనిని త్యాగమని లోకము పొగడవచ్చును. కాని మరునాడు ఇల్లంతయు ఆమె నడుముమీదనే నడువవలయును గదా! పరుపు లెండవేయునాడు మీ పడకను గూడ నెండలో వేయుడు. వేయుటకు మీకు పడకయే లేనిచో ముందు దానిని కుట్టించుకొనుడు.