దూరాన ఉన్న దాంపత్యం – షరీఅత్ చూపిన మార్గం

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పీలేరు, వాయల్పాడు ప్రాంతాల నుండి, పొరుగున ఉన్న రాయచోటి నుండి కొన్ని దశాబ్దాలుగా ఎందరో ముస్లిం సోదరులు, సోదరీమణులు బ్రతుకుతెరువు కొరకు కువైట్ వెళుతున్నారు. ఇంటిపనులకు ఖాదిమ్ వీసాపై వెళ్ళినవారు సాధారణంగా కుటుంబాన్ని వెంట తీసుకుపోలేరు. రెండేళ్ళకు రెండు నెలల సెలవు దొరుకుతుందనుకున్నా, పదిహేనేళ్ళ సంసారంలో దంపతులు కలిసి ఉండేది పదిహేను నెలలే!

ఇటువంటి ఒంటరితనంలో భార్య మనసో, భర్త మనసో అనుకోకుండా మరొకరి వైపు మొగ్గే ప్రమాదం ఉంది. మానవుని ఈ బలహీనతను ఇస్లాం కాదనలేదు. మనసులో మెదిలిన ఆలోచనను మాటలోగాని చేతలోగాని పెట్టనంత వరకు అల్లాహ్ మన్నిస్తాడని మహాప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అయితే ఆలోచన అడుగుగా మారరాదు. అందుకే దివ్యఖుర్‌ఆన్ వ్యభిచారాన్నే గాక దాని దరిదాపులకు పోవడాన్ని కూడా నిషేధించింది (17:32). చూపులను అదుపులో ఉంచుకోమన్న ఆజ్ఞ ముందు పురుషులకు, ఆ తర్వాత స్త్రీలకు వచ్చింది (24:30, 31).

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో (634–644) జరిగినట్లు ఉల్లేఖించబడిన ఒక సంఘటన ఇక్కడ గమనించదగినది. ఒక రాత్రి ఆయన మదీనా వీధులలో తిరుగుతుండగా, సైన్యంతో వెళ్ళిన భర్త కొరకు వేదన పడుతున్న ఒక స్త్రీ కంఠం వినిపించింది. అల్లాహ్ భయమే తనను నిలబెడుతున్నదని ఆమె చెప్పుకుంటున్నది. ఉమర్ (రజి) తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి, స్త్రీ భర్తకు దూరంగా ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. ఆమె నాలుగు నెలలన్నారని కొన్ని ఉల్లేఖనాలు, ఆరు నెలలన్నారని మరికొన్ని చెబుతున్నాయి. ఆ గడువుకు మించి సైనికులను ఇంటికి దూరంగా ఉంచరాదని ఖలీఫా ఆజ్ఞాపించారు.

ఆయన ఆ స్త్రీని అనుమానించలేదు; ఆమె ఇంటిపై నిఘా పెట్టలేదు. తన పాలనలోని ఏర్పాటునే సవరించుకున్నారు. మన మొహల్లాలలో జరిగేది దీనికి విరుద్ధం. ఫోను మాట్లాడితే చాలు, ఒంటరి ఇల్లాలిపై నింద పుడుతుంది. శీలవతులపై నిందమోపి నలుగురు సాక్షులను తేలేనివారికి ఎనభై కొరడా దెబ్బలు విధించి, వారి సాక్ష్యాన్ని ఎన్నటికీ స్వీకరించవద్దన్న ఆజ్ఞను (24:4) ఎందరు గుర్తుంచుకుంటున్నారు?

భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. చట్టం దృష్టిలో నేరం కాకపోయినా, అల్లాహ్ ఎదుట లెక్క తప్పదు. ఆ లెక్క విడిచి వెళ్ళినవారికీ ఉంటుంది. సహేతుకమైన కారణం లేకుండా భర్త మూడేళ్ళపాటు దాంపత్య విధులు నెరవేర్చకపోతే, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం భార్య విడాకులు కోరవచ్చు.

కనుక వీసా కొరకు పాస్‌పోర్టు ఇచ్చే ముందే, ఎంతకాలం ఉండాలో, ఎప్పుడు తిరిగి రావాలో దంపతులిద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. భార్య వెళ్ళినా, భర్త వెళ్ళినా ఇదే ధర్మం. కలతలు ముదిరితే ఇరువైపుల నుండి చెరొక మధ్యవర్తిని పెట్టుకోమని ఖుర్‌ఆన్ చెప్పింది (4:35). ఆలుమగలు పరస్పరం దుస్తుల వంటివారని కూడా అదే చెప్పింది (2:187). పెట్టెలో మడిచిపెట్టిన దుస్తు ఒంటిని కప్పదు గదా!