ప్లాను పాసైతే ఇల్లు లేచినట్టేనా? అణు రియాక్టర్ డిజైన్ పరిశీలనపై అపోహలు – వాస్తవాలు

కొవ్వాడ పేరు పేపర్లో కనబడినప్పుడల్లా రెండు మాటలు జంటగా వినబడతాయి. "అమెరికావాళ్లు ఎప్పుడో ఓకే చేసిన డిజైనట, ఇంకా భయమేంటి?" అని ఒకరంటారు. "ఆ ఓకేలన్నీ రబ్బరు స్టాంపులే, కంపెనీ ఏది రాసిస్తే దానిమీద సంతకం పెడతారు" అని ఇంకొకరంటారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఆ సముద్రతీర గ్రామం దగ్గర ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. వెస్టింగ్‌హౌస్ కంపెనీ తయారుచేసిన ఆ రకం పేరు ఏపీ1000. ఏపీ అంటే మన రాష్ట్రం అనుకునేరు, అది 'అడ్వాన్స్‌డ్ పాసివ్'కి పొట్టిపేరు.

ఈ డిజైన్‌ను అమెరికా, బ్రిటన్ దేశాల్లో ఎలా జల్లెడ పట్టారో చూస్తే పై రెండు మాటలూ నిలబడవు. ఇంటి ప్లాను పాస్ చేయించుకోవడానికి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ వ్యవహారం కొంత తెలిసినట్టే ఉంటుంది. ఎక్కడ తేడా వస్తుందో మాత్రం దారిలో చూద్దాం.

అపోహ: డిజైన్‌లో తప్పులుంటే నియంత్రణ సంస్థే దిద్ది ఇస్తుంది

టౌన్ ప్లానింగ్ అధికారి మన ఇంటి గోడ గీసిపెట్టడు. సెట్‌బ్యాక్ చాలదంటాడు, ఫైలు వెనక్కి పంపుతాడు. ఎలా సరిచేసుకోవాలన్నది మన ఇంజనీరు తలనొప్పి. అణు రంగంలోనూ అంతే. 'ఇది సురక్షితం' అని రుజువు చేయాల్సిన బాధ్యత పూర్తిగా దరఖాస్తుదారుది. నియంత్రణ సంస్థ పని అడగడం, లెక్కలు విడిగా వేసి చూసుకోవడం, జవాబు నమ్మకంగా లేకపోతే మళ్లీ అడగడం. పరిష్కారం తానే చెప్పేస్తే, రేపు దాన్ని పరీక్షించాల్సింది కూడా తానే అవుతుంది.

అపోహ: అంతా రబ్బరు స్టాంపు వ్యవహారం

అమెరికాలో ఈ పని చూసేది అణు నియంత్రణ కమిషన్, అంటే ఎన్‌ఆర్‌సీ. (పౌరసత్వం గొడవల్లో విన్న ఎన్‌ఆర్‌సీ వేరు.) వెస్టింగ్‌హౌస్ 2002లో దరఖాస్తు పెట్టుకుంటే, డిజైన్‌కు ధ్రువీకరణ వచ్చింది 2006 జనవరిలో. కంపెనీ అక్కడితో ఆగలేదు. మార్పులతో మళ్లీ వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

ఏపీ1000లో రియాక్టర్ చుట్టూ ఒక ఉక్కు పాత్ర ఉంటుంది. దాని చుట్టూ మరో పెద్ద గుండ్రటి భవనం ఉంటుంది, దాన్ని రక్షక భవనం అందాం. విమానం వచ్చి గుద్దినా, తుఫాను విసిరేసిన దూలం వచ్చి తగిలినా లోపలిదాన్ని కాపాడాల్సింది ఈ భవనమే. పైగా దాని నెత్తిన సుమారు 30 లక్షల లీటర్ల నీటి ట్యాంకు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, పెద్ద ప్రయాణికుల విమానం ఢీకొంటే ఏమవుతుందో కొత్త డిజైన్లు లెక్కగట్టి చూపాలని కమిషన్ 2009లో నియమం పెట్టింది. వెస్టింగ్‌హౌస్ మామూలు ఇనుప చువ్వల కాంక్రీటు బదులు కొత్త రకం గోడను ప్రతిపాదించింది. రెండు వైపులా ముప్పావు అంగుళం ఉక్కు పలకలు, మధ్యలో కాంక్రీటు, మొత్తం మందం మూడడుగులు. పలకల్ని కలిపి పట్టుకునేందుకు అడ్డంగా కడ్డీలు.

2009 అక్టోబరులో కమిషన్ ఈ గోడను ఒప్పుకోలేదు. భూకంపం లాంటి భారాలు పడ్డప్పుడు ఇది భవనంగా నిలబడుతుందని మీరు చూపలేదు, అంది. అప్పటికే జార్జియా రాష్ట్రంలోని వోగుల్‌లో రెండు కొత్త రియాక్టర్ల కోసం విద్యుత్ సంస్థ సిద్ధంగా కూర్చుంది. అయినా ఫైలు కదలలేదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గోడ నమూనాలు చేసి, విరిగేదాకా ఒత్తి చూశారు. కడ్డీలు దగ్గరదగ్గరగా ఉన్న నమూనా వంగి, సాగి, హెచ్చరిక ఇచ్చి మరీ విరిగింది. కడ్డీలు దూరంగా ఉన్నది పెళుసుగా, ఒక్కసారిగా విరిగింది. ఒత్తిడి ఎక్కువుండే చోట్ల కడ్డీలు దగ్గరగా ఉండేలా కంపెనీ డిజైన్ మార్చింది. మిగతా చోట్ల పెళుసు రకమే ఉంది, అక్కడ భారం తక్కువ కాబట్టి ఫరవాలేదన్నది వాదన.

కమిషన్ సిబ్బందిలోనే ఒక సీనియర్ నిర్మాణ ఇంజనీరు దీనికి ఒప్పుకోలేదు. పెళుసు గోడ ఎక్కడున్నా పెళుసేనని అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చాడు. పై అధికారులు దాన్ని పక్కన పారేయలేదు. జవాబు రాశారు, రెండూ బహిరంగ రికార్డులోకి ఎక్కాయి. చివరికి ఆయన మాట నెగ్గలేదు. 2011 డిసెంబరులో సవరించిన డిజైన్‌కు ఆమోదం వచ్చింది. ఆయనది సరైనదా, సంస్థది సరైనదా అన్నది ఇంజనీర్లు తేల్చుకోవాలి. నాకు మాత్రం ఆ అసమ్మతి కాగితమే మొత్తం ఫైల్లో విలువైనదనిపిస్తుంది. స్టాంపు వేసే ఆఫీసులో అలాంటి కాగితం పుట్టదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వోగుల్‌కు లైసెన్సు ఇచ్చినప్పుడూ ఏకగ్రీవం లేదు. నలుగురు సరే అన్నారు. వద్దన్న ఒకే ఒక్కడు కమిషన్ అధ్యక్షుడు గ్రెగరీ జాక్జ్‌కో. జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం నేర్పిన పాఠాలన్నీ అమలు చేశాకే నడపాలని తప్పనిసరి షరతు పెట్టాలన్నది ఆయన పట్టు.

అపోహ: ఒక దేశం పాస్ చేసిందంటే అందరూ పాస్ చేసినట్టే

ఇంకో దేశం దాకా వెళ్దాం. బ్రిటన్‌లో ఈ డిజైన్ పరిశీలన 2007లో మొదలైంది. అమెరికా సవరించిన డిజైన్‌కు సంతకం పెట్టిన అదే నెల, 2011 డిసెంబరులో, బ్రిటన్ తాత్కాలిక ఆమోదం మాత్రమే ఇచ్చి, 51 అంశాలు తేలాల్సి ఉందని చెప్పింది. అదే రకం రియాక్టర్. అమెరికన్లు గుడ్డివాళ్లనీ కాదు, ఆంగ్లేయులు మొండివాళ్లనీ కాదు. అమెరికా పద్ధతిలో నియమాలు ముందే రాసి ఉంటాయి, వాటికి సరితూగితే చాలు. బ్రిటన్‌లో అలా ప్రతిదానికీ ముందే రాసిపెట్టిన నియమాలుండవు. ప్రమాదాన్ని ఇంకా తగ్గించగలిగే మార్గం అందుబాటు ఖర్చులో ఉంటే, ఎందుకు తగ్గించలేదో చెప్పమంటారు. ప్రశ్న మారితే జవాబు మారుతుంది.

కొనేవాళ్లు ఖాయం కాకపోవడంతో వెస్టింగ్‌హౌస్ పని ఆపేసి, 2014లో మళ్లీ మొదలుపెట్టింది. ఆ 51 తేలి తుది ఆమోదం వచ్చింది 2017 మార్చి 30న. అంతకు సరిగ్గా ముందురోజే కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. రెగ్యులేటర్ సరే అంటే ప్రాజెక్టు లాభసాటిది, అవసరమైనది అనుకునేవాళ్లకు ఆ రెండు తేదీలు చాలు. కరెంటు యూనిట్ ఎంత పడుతుంది, కంపెనీ నిలబడుతుందా అన్నవి భద్రతా పరిశీలన చూసేవి కావు. బ్రిటన్‌లో ఆ డిజైన్‌తో ఇప్పటికీ ఒక్క రియాక్టరూ లేవలేదు.

అపోహ: ధ్రువీకరణ అంటే ప్రమాదం జరగదని హామీ

అన్నిటికంటే లోతుగా పాతుకుపోయింది ఇదే. ముందు ఈ డిజైన్ గొప్పతనం ఏమిటో చెప్పాలి. కరెంటు పోయినా మేడమీద ట్యాంకులో నీళ్లుంటే కింద కుళాయి వస్తుంది కదా, అదే సూత్రం. ఫుకుషిమాలో కరెంటు పోయి, డీజిల్ జనరేటర్లు సునామీ నీటిలో మునిగి, పంపులు ఆగిపోయాయి. ఏపీ1000లో పైట్యాంకు నీరు ఉక్కు పాత్ర మీదుగా జారి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. పాత్రకు, గోడకు మధ్య గాలి తనంతట తాను పైకి లేస్తుంది. మనిషి చెయ్యి వేయకుండా, బయటి కరెంటు లేకుండా 72 గంటలు నడుస్తుందన్నది లెక్క.

కంపెనీ వేసిన సంభావ్యత లెక్క ప్రకారం ఇంధనం దెబ్బతినే అవకాశం ఒక రియాక్టర్‌కు సుమారు 20 లక్షల ఏళ్లకు ఒకసారి. అమెరికా ప్రమాణం పదివేల ఏళ్లకు ఒకసారి. ఈ అంకెను పట్టుకుని 'ఇరవై లక్షల ఏళ్ల వరకు ఏమీ కాదు' అనేవాళ్లున్నారు. ఆ లెక్క అసలు ఉపయోగం వేరు: ఏ కవాటం, ఏ తీగ, ఏ మానవ తప్పిదం ప్రమాదంలో ఎక్కువ వాటా తీసుకుంటుందో చూపించడం. లెక్కలోకి ఎక్కనిది ఆ అంకెలో ఉండదు.

ఎక్కనిది ఉంటుందా? ఉంటుంది. అన్నం వండేటప్పుడు మూత మీద పట్టిన ఆవిరి నీళ్లై తిరిగి గిన్నెలోకి జారుతుంది. ఏపీ1000లో రియాక్టర్‌ను చల్లబరిచే ఒక పద్ధతి అచ్చం ఇదే. లోపలి ట్యాంకులోంచి లేచిన ఆవిరి ఉక్కు పాత్ర గోడకు చల్లబడి, నీరై, గోడవెంట దిగి, ఒక కాలువ ద్వారా మళ్లీ ట్యాంకులోకి చేరాలి. నీళ్లలో దాదాపు అంతా తిరిగొస్తుందని లెక్క వేశారు. ధ్రువీకరణ వచ్చాక పరీక్షలు చేస్తే, గోడకున్న బిగింపుల దగ్గర, క్రేను దూలం దగ్గర బొట్లు పక్కకు రాలిపోతున్నాయని, అనుకున్నంత నీరు తిరిగి రావడం లేదని తేలింది. అదనపు కాలువలు, గొట్టాలు పెట్టి సరిచేశారు. ఫ్లోరిడాలోని లెవీ ప్రాజెక్టు లైసెన్సు పరిశీలనలో ఈ మార్పులు కమిషన్ ముందుకు వచ్చాయి. ఆ లైసెన్సు 2016లో వచ్చింది. ఏళ్ల తరబడి అంతమంది నిపుణులు చూసిన డిజైన్‌లో మూత మీది నీటిబొట్టు తప్పించుకుంది.

ఇక 'అణుబాంబులా పేలుతుంది' అన్న భయం గురించి ఒక్క ముక్క. ఇంధనంలో యురేనియం–235 అయిదు శాతం లోపే, బాంబుకు చాలదు. భయపడాల్సింది వేడి తగ్గకపోవడానికి, రేడియోధార్మికత బయటికి రావడానికి. పరిశీలనంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: ఆలస్యానికంతా నియంత్రణ సంస్థలే కారణం

వోగుల్‌కు లైసెన్సు 2012లో వచ్చింది. అక్కడి రెండు కొత్త రియాక్టర్లలో మూడో నంబరు యూనిట్ వాణిజ్యపరంగా నడవడం 2023 జులైలో, నాలుగో నంబరుది 2024 ఏప్రిల్‌లో. 14 వందల కోట్ల డాలర్లతో అవుతుందన్నది 3 వేల కోట్లు దాటింది. ఈ పన్నెండేళ్లలో కమిషన్ ఫైళ్లకు పట్టిన కాలం కొంత ఉంది. ఎక్కువ భాగం మాత్రం డిజైన్ వివరాలు పూర్తికాకుండానే పని మొదలుపెట్టడం, లూసియానా ఫ్యాక్టరీలో తయారైన మాడ్యూళ్లలో నాణ్యత లోపాలు, మళ్లీ చేసిన పనులకే పోయింది. పక్క రాష్ట్రం సౌత్ కరొలైనాలో ఇవే రకం రెండు రియాక్టర్లను 2017లో సగంలో వదిలేశారు. చైనాలోని సాన్‌మెన్‌లో పని 2009లో మొదలై, కూలెంట్ పంపుల చిక్కులతో 2018దాకా సాగింది.

అపోహ: డిజైన్ పాస్ కాబట్టి కొవ్వాడ కూడా పాస్

ప్లానుకూ స్థలానికీ ఉన్న తేడా ఇది. అమెరికా ధ్రువీకరించింది ఒక కాగితపు రియాక్టర్‌ను. జార్జియాలో అది సవన్నా నది ఒడ్డున కూర్చుంది. కొవ్వాడ బంగాళాఖాతం ఒడ్డున ఉంది. కేంద్రం ఆ స్థలానికి ఇచ్చింది సూత్రప్రాయ ఆమోదం, అది భద్రతా అనుమతి కాదు. భద్రతా అనుమతి అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర నాలుగు మెట్లలో రావాలి: స్థలం, నిర్మాణం, కమిషనింగ్, నిర్వహణ. విదేశీ ఆమోదాన్ని మండలి ఒక ఆధారంగా చూస్తుంది, అంతవరకే. కూడంకుళంలో రష్యన్ రియాక్టర్లనూ ఇక్కడ మళ్లీ పరిశీలించారు.

మన మండలి మీద జనానికున్న అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 1983లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడ్డ మండలి, తాను పరిశీలించే సంస్థలున్న అణుశక్తి విభాగం నీడలోనే పనిచేసింది. 2012లో కాగ్ ఈ సంగతే ఎత్తిచూపింది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో పెట్టిన బిల్లు మురిగిపోయింది. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. కాగితాలు జనానికి చూపించే సంగతి మాత్రం వేరు. అమెరికా డిజైన్ పత్రంలో రహస్య భాగాలు తీసేసిన ప్రతిని ఎవరైనా చదువుకోవచ్చు. కూడంకుళం భద్రతా నివేదికను బయటపెట్టమని కేంద్ర సమాచార కమిషన్ 2012లో ఆదేశిస్తే, నడిపే సంస్థ హైకోర్టుకు వెళ్లింది.

కొవ్వాడకు ప్రత్యేకంగా అడగాల్సినవి చాలానే ఉన్నాయి. ఉదాహరణకు ఆ పైట్యాంకు. 72 గంటల తర్వాత, ఆవరణలోనే ఉన్న మరో ట్యాంకు నుంచి చిన్న జనరేటర్లతో నీరెత్తి ఏడో రోజు దాకా లాగించవచ్చని డిజైన్ చెబుతుంది. ఆ తర్వాత సాయం బయటినుంచి రావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లమీద చెట్లే. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టింది. అలాంటి వారంలో రణస్థలం వైపు ఎనిమిదో రోజు నీటి ట్యాంకరు ఏ దారిన వస్తుంది, ఎవరు తోలుకొస్తారు?