ట్రేడింగ్ యాప్ ఫ్రీజ్ అయితే మీ స్టాప్‌లాస్ ఏమవుతుంది? చాలామందికి తెలియని విషయం ఇదే!

ఉదయం 9.15. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లలో కొందరి ఫోన్లలో అప్పుడే మార్కెట్ ఓపెన్ అవుతుంది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో టీ బ్రేక్‌లో యాప్ చూసుకునేవాళ్లూ ఉంటారు. ఇంట్రాడే పొజిషన్ ఉంది, ధర పడిపోతోంది, సెల్ నొక్కితే యాప్ గిర్రున తిరుగుతూనే ఉంది. మరి అప్పుడు?

డిస్కౌంట్ బ్రోకర్‌కు వీధి చివర ఆఫీసు ఉండదు. ఆర్డర్‌కు 20 రూపాయలే కదా అని చేరతాం. కస్టమర్ కేర్ అంటే చాట్‌బాట్, లేదంటే టికెట్. ధర మాత్రం ఆ టికెట్ కోసం ఆగదు.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. ముందే పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డర్‌ను ఎక్స్ఛేంజ్ ఒకసారి తీసుకుందంటే, అది ఉండేది మీ ఫోన్‌లో కాదు, ఎక్స్ఛేంజ్ సిస్టమ్‌లో. యాప్ ఆగిపోయినా అది పని చేస్తుంది. జీటీటీ ఆర్డర్ అలా కాదు. అది బ్రోకర్ సర్వర్‌లోనే ఉండి, ట్రిగ్గర్ ధర తాకాకే ఎక్స్ఛేంజ్‌కు వెళ్తుంది. ఆ సర్వరే డౌన్ అయితే ఆర్డర్ కదలదు.

స్టాప్‌లాస్ ఉంది కదా అని పూర్తి ధీమా కూడా వద్దు. 100 రూపాయలకు కొని ట్రిగ్గర్ 95, లిమిట్ 94 పెట్టారనుకోండి. ధర ఒక్కసారిగా 91కి జారితే ఆర్డర్ యాక్టివ్ అవుతుంది కానీ అమ్ముడుపోదు, పెండింగ్‌లో ఉండిపోతుంది. ఆప్షన్స్‌లో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే అక్కడ మార్కెట్ ధరకు అమ్మేసే ఎస్‌ఎల్-ఎం ఆర్డర్‌ను ఎన్‌ఎస్‌ఈ 2021 సెప్టెంబర్‌లోనే తీసేసింది. ట్రిగ్గర్‌కు, లిమిట్‌కు మధ్య కాస్త గ్యాప్ ఇవ్వాల్సింది అందుకే.

ఒక్కోసారి తప్పు బ్రోకర్‌ది కూడా కాదు. 2021 ఫిబ్రవరి 24న ఎన్‌ఎస్‌ఈలోనే ఉదయం 11.40కి ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3.45కి. ఈలోపు కొందరు బ్రోకర్లు కస్టమర్ల ఇంట్రాడే పొజిషన్లను బీఎస్‌ఈలో క్లోజ్ చేసేశారు. దీనిపై అప్పట్లో పెద్ద గొడవే జరిగింది.

బ్రోకర్ సిస్టమ్ మొత్తం పడిపోతే ఇప్పుడు ఐఆర్‌ఆర్‌ఏ అనే ప్లాట్‌ఫామ్ ఉంది. 2023 అక్టోబర్ 3న సెబీ దీన్ని ప్రారంభించింది. ఎక్స్ఛేంజ్ దాన్ని ఆన్ చేస్తే ఎస్‌ఎంఎస్, ఈమెయిల్‌కు లింక్ వస్తుంది. ఉన్న పొజిషన్లు క్లోజ్ చేసుకోవచ్చు, పెండింగ్ ఆర్డర్లు క్యాన్సిల్ చేయొచ్చు. కొత్తగా కొనడం కుదరదు. అకౌంట్‌లో పాత మొబైల్ నంబర్ ఉంటే లింక్ మీ దాకా రాదు. మీ ఒక్కరి ఫోన్ హ్యాంగ్ అయితే ఇది పనికిరాదు. అప్పుడు బ్రోకర్ కాల్ అండ్ ట్రేడ్ నంబరే దిక్కు. దాన్ని ముందే సేవ్ చేసుకోండి, ఛార్జ్ విడిగా పడుతుంది.

నష్టం జరిగితే? టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్, ఆర్డర్ బుక్‌లోని స్టేటస్ దాచుకోండి. ముందు బ్రోకర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. స్పందన లేకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌కు వెళ్లొచ్చు. అక్కడ బ్రోకర్‌కు 21 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ తేలకపోతే స్మార్ట్ ఓడీఆర్‌లో ఆన్‌లైన్‌లోనే మధ్యవర్తిత్వం కోరవచ్చు.