కుత్తాబ్‌లో దిద్దుకున్న గొంతు: ఉమ్మె కుల్సూమ్ తొలి చదువు

1975 ఫిబ్రవరిలో ఉమ్మె కుల్సూమ్ చనిపోతే కైరో వీధులు జనంతో నిండిపోయాయి. అరబ్బు ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఈ గాయని చిన్నప్పుడు ఏ సంగీత పాఠశాల గడపా తొక్కలేదు. ఆమె తొలి బడి పల్లెటూరి కుత్తాబ్.

కుత్తాబ్ అంటే మన మసీదుల్లో నడిచే మక్తబ్ లాంటిదే. ఉస్తాద్ చదివింది వినాలి, అలాగే తిరిగి చెప్పాలి. తప్పు పోతే అక్కడే ఆపి దిద్దుతారు. ఐన్ గొంతులో ఎక్కడి నుంచి పలకాలి? మద్ద్ వస్తే రెండు లెక్కలు సాగదీయాలా, ఆరా? గున్నా ముక్కులో ఎంతసేపు నిలవాలి? ఊపిరి ఎక్కడ ఆపితే అర్థం చెడదు? ఇదంతా తజ్వీద్. పాట నేర్పడం ఎవరి ఉద్దేశమూ కాదు. కానీ రోజూ ఇదే చేస్తుంటే పిల్లల చెవి పదునెక్కుతుంది, ఊపిరి అదుపులోకొస్తుంది. ఉమ్మె కుల్సూమ్ పాటలో ప్రతి మాటా స్పష్టంగా వినిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

తండ్రి షేఖ్ ఇబ్రాహీం నైలు డెల్టాలోని ఒక ఊళ్లో ఇమాం. వచ్చేది చాలక పెళ్లిళ్లలో, పండగల్లో భక్తిగీతాలు పాడేవారు. కొడుకు ఖాలిద్‌కు నేర్పుతుంటే కూతురు విని పట్టేసింది. ఆమెనూ వెంట తీసుకెళ్లారు, కాకపోతే మగపిల్లాడి బట్టలు వేసి. ఇమాం కూతురు నలుగురిలో పాడుతుందంటే ఊరు ఊరుకోదు మరి!

స్వరకర్తలు సయ్యద్ దర్వేష్, జకరియ్యా అహ్మద్ కూడా మత విద్య నుంచి వచ్చినవాళ్లే. అలాగని ఖిరాత్‌ను సంగీతం అనేస్తే ఖారీలు ఒప్పుకోరు, అది సబబే. అందులో వాయిద్యం ఉండదు, ముందే కట్టిన బాణీ ఉండదు, తజ్వీద్ తప్పితే ఎంత మంచి గొంతైనా లెక్కలోకి రాదు. పాటల మీద ఉలమాల్లో భేదాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

1934లో ఈజిప్టు ప్రభుత్వ రేడియో మొదలైంది షేఖ్ ముహమ్మద్ రిఫ్అత్ ఖిరాత్‌తోనే. తర్వాత ఉమ్మె కుల్సూమ్ గురువారం రాత్రి కచేరీలు వినిపించిందీ ఆ రేడియోనే. రేడియోలో ఖురాన్ చదవొచ్చా అని అల్ అజ్‌హర్ పెద్దలను అడిగాకే రిఫ్అత్ మైకు ముందు కూర్చున్నారని చెబుతారు.